పంటి కింద ఇసుక

ఈమధ్య ఏ వెబ్ సిరీస్ రివ్యూ తెరిచినా, ఏ కథల పుస్తకం వెనక అట్ట చూసినా ఒక మాట కనిపిస్తోంది: గ్రిటీ. బస్తీ ఉందా, బూతులున్నాయా, కెమెరా కాస్త మసకగా ఉందా, అయితే గ్రిటీ. కోడ్ రివ్యూల్లో 'క్లీన్' అన్న మాటకి పట్టిన గతే దీనికీ పట్టింది. మెచ్చుకున్నట్టే ఉంటుంది, దేన్ని మెచ్చుకున్నారో తెలీదు.

అసలిది కంటికి సంబంధించిన మాట కాదు. పాత ఇంగ్లీషులో గ్రిట్ అంటే ఇసుక, కంకర. 19వ శతాబ్దపు అమెరికా వాడుకలో అదే గుండెనిబ్బరం అయింది. 1968లో వచ్చిన చార్లెస్ పోర్టిస్ నవల 'ట్రూ గ్రిట్' పేరులో ఉన్నది ఆ అర్థమే. కష్టమైన బతుకుని మెరుగులు దిద్దకుండా చూపించే రచనని గ్రిటీ అనడం ఇంకో వాడుక. మన రివ్యూల్లోకి వచ్చింది ఈ చివరిదే. వస్తూ వస్తూ ఇసుకని దారిలో రాల్చేసుకుంది.

తెలుగులో 'గరుకు' అంటే సరిపోదు. గరుకు పైన తడిమితే తెలుస్తుంది. 'బరక' కూడా కాదు. గారెల పిండిని కావాలనే బరకగా రుబ్బుతాం. గ్రిటీ అంటే సరిగ్గా కడగని తోటకూర. కూర మెత్తగా, రుచిగానే ఉంటుంది. నాలుగో ముద్దలో పంటి కింద కరక్కుమంటుంది, నమలడం ఆగిపోతుంది. చుట్టూ ఆ మెత్తదనం ఉండబట్టే ఇసుక తెలిసింది.

రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చూడండి. సారా కేసులు, పోలీసులు, కోర్టులు, విశాఖలో ప్లీడరుగా ఆయన దగ్గర్నుంచి చూసిన లోకం. అయినా వాక్యం మొహం ముడుచుకుని కూర్చోదు. ఉపమానం మీద ఉపమానం, ఉత్తరాంధ్ర పలుకుబడి, వెటకారం. నవ్వుతూ చదువుతుంటాం. ఆ నవ్వు మధ్యలోనే చట్టం ఎవరి పక్కన ఉందో తగులుతుంది. నవ్వినందుకు సిగ్గేస్తుంది.

మొదటి పేజీ నుంచి చివరిదాకా రక్తం, మురికి, తిట్లు పరిచేస్తే పదో పేజీకే అలవాటైపోతాం. ఇక మిగిలేది ఒక రంగు. అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఇంకొకరి బతుకుని టెక్స్చర్‌గా ఎంజాయ్ చెయ్యడానికి పనికొచ్చే రంగు. సారా అమ్ముకునే మనిషి తన బతుకుని గ్రిటీ అనుకోదు. ఆ మాట బయటి నుంచి చూసేవాళ్లది.

అందుకే ఈ విశేషణం కనిపించినప్పుడల్లా రివ్యూ రాసినవాళ్లని అడగాలి: ఎక్కడ తగిలింది? ఆ సీనో, ఆ పేజీయో చెప్పగలిగితే సరే. లేకపోతే 'మసకగా ఉంది' అని రాస్తే చాలు.