గీత గీయాలంటే గెడ్డ దిగాలి

భీమిలి నుంచి విశాఖ దాకా తీరం వెంట పోయేవాళ్లకి కొండలన్నీ ఒకే ఎరుపు, ఒకే గోధుమరంగు. సుత్తి ఒక్క దెబ్బతో ఆ భ్రమ వదిలిస్తుంది. చిట్లిన తాజా ముఖంలో ఎర్రటి గార్నెట్ గింజలు, సిల్లిమనైట్ పుల్లలు, గ్రాఫైట్ రేకులు కనిపిస్తే ఖొండలైట్. జిడ్డు మెరుపుతో నల్లగా ఉంటే చార్నొకైట్. మొదటిదానికి 1902లో భూవిజ్ఞాని వాకర్, రెండోదానికి అంతకు ముందే మరో భూవిజ్ఞాని హాలండ్ పేర్లు పెట్టారంటారు. చరిత్ర అంతవరకు చాలు, పనితనం చూద్దాం.

రాతిలో రేకుల వరస ఏ దిక్కుకు సాగిందో అది స్ట్రైక్, ఎంత వాలుగా భూమిలోకి దిగిందో అది డిప్. బ్రంటన్ కంపాస్ అంచు రాతికి ఆనించి, అందులోని బుడగ నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. నడుముకు వేలాడే ఇనుప సుత్తి కంపాస్ ముల్లును పక్కకు లాగుతుంది కనుక ముందు దాన్ని దూరంగా పెట్టాలి. ఆటుకి సముద్రం వెనక్కి జరిగినప్పుడు అలలు కడిగిన రాతిముఖాలు బయటపడతాయి, అంత శుభ్రమైన సాక్ష్యం కొండమీద దొరకదు. అయితే తీరం మోసం చేస్తుంది కూడా. తూర్పు కనుమల రాతి వరసలు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి, తీరమూ అదే దిక్కు. ఇసుకలోనే నడిస్తే ఒకే రాయి మైళ్లకొద్దీ వెంట వస్తుంది. వరసకు అడ్డంగా, గెడ్డలు, అంటే వాగులు, పట్టుకుని లోపలికి పోతేనే ఒక రాయి ఆగి ఇంకొకటి మొదలయ్యే చోటు తెలుస్తుంది. ఆ హద్దు కళ్లారా చూసిన చోట పటంలో నిండు గీత, మట్టి కప్పేసి ఊహించిన చోట తెగిన గీత. ఆ తెగిన గీతలోనే పటం గీసినవాడి నిజాయితీ అంతా ఉందని నా నమ్మకం.

ఈ పనితనం సంగతికొస్తే, భూవిజ్ఞాని విలియం కింగ్‌ని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. గోదావరి జిల్లా తీరభాగంలో గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి అని ఆయన విడదీసిన వరస నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తిరుపతి మన ద్వారకా తిరుమలే! ఉపగ్రహం, విమానచిత్రం ఏమీ లేని 19వ శతాబ్దంలో, కాలినడకన! అదే కాలంలో ఒంగోలు వైపు తీరాన్ని మరో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశీలించాడు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. మహదేవన్ ఈ విద్యను సముద్రం దాకా తీసుకెళ్లారు. ఆయన పరంపర ముందు తల వంచుతాను.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. పాత పటం స్కాన్ చేసి, ఉపగ్రహచిత్రం మీద పరిచి, రంగులు నింపి కొత్త పటమంటున్నారు. గీతలన్నీ నిండుగీతలే, ఒక్కచోటా సందేహం లేదు! పైన కమ్మిన ఎర్రమట్టిని చూసే ఉపగ్రహానికి కింద నల్లరాయి ఉందని ఎవరు చెప్పాలి? కంప్యూటర్‌ని కాదనను, అది సుత్తి తర్వాత రావాలి. నేను సుత్తి పక్షమే.

మరోపక్క కొండవాలు తొలిచి, రాతిముఖాల మీద గోడలు కట్టి, ఎర్రమట్టి దిబ్బల అంచులు తవ్వేస్తున్నారు. చదవాల్సిన పుటలు చదవకముందే చిరిగిపోతున్నాయి. పరిశోధనలు దిద్దే ఆచార్యులకు నా విన్నపం ఒక్కటే: పటంతో పాటు ఉప్పునీటి మరకలున్న ఫీల్డ్ నోట్‌బుక్ కూడా అడగండి. విద్యార్థి ఏ రాయి ముందు నిలబడి, ఏ కోణం కొలిచి ఆ గీత గీశాడో అందులో లేకపోతే, పటం ఎంత అందంగా ఉన్నా వెనక్కి పంపండి.