జవాబు రాని ప్రార్థనను పాడుట: సుఫ్యాన్ స్టీవెన్స్ పాట ఒకదానిపై పరిశీలన

ప్రసంగశాస్త్ర తరగతిలో ఒక విద్యార్థికి మేము ఇచ్చిన అంశము "స్వస్థత కలుగని ప్రార్థన". ప్రసంగము మొదలుపెట్టక ముందు అతడు తన ఫోనులో ఒక ఆంగ్ల పాట వినిపించాడు. దాదాపు ఆరు నిమిషముల పాట. తరగతిలో సగము మందికి మాటలు సరిగా అందలేదు. అందినవారు తలలు వంచుకొని కూర్చున్నారు. పాట ముగిసిన తరువాత వచ్చిన మొదటి ప్రశ్న, "అయ్యగారూ, ఇది క్రైస్తవ పాటేనా?" అన్నది. ఆ రోజు మేము సరియైన జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్ననే కొంత తీరికగా పరిశీలించుటకు ఈ వ్యాసము.

ఆ పాట పేరు "కాసిమిర్ పులాస్కీ డే". పాడినవాడు అమెరికా గాయకుడు సుఫ్యాన్ స్టీవెన్స్. 2005లో వెలువడిన "ఇల్లినాయ్" అను సంపుటములో ఇది పదవ పాట. స్టీవెన్స్ 1975లో డెట్రాయిట్‌లో పుట్టాడు, మిషిగన్ రాష్ట్రములో రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందిన హోప్ కాలేజీలో చదివాడు. తన సవతి తండ్రి లోవెల్ బ్రామ్స్‌తో కలిసి అస్త్‌మాటిక్ కిట్టీ అను చిన్న సంగీత సంస్థను స్థాపించాడు. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండ ఇటువంటి చిన్న సంస్థల ద్వారా వచ్చు సంగీతమునే "ఇండీ" అని పిలుచుచున్నారు. ఇది రాగమును గూర్చిన పేరు కాదు, స్వాతంత్ర్యమును గూర్చిన పేరు. ఇటువంటి పాటలకు గోడపత్రికలు ఉండవు. ఒకరు విని మరియొకరికి చెప్పుట వలననే ఇవి నడుచును. ఆ విషయములో మన గ్రామ సంఘములలో కొత్త కీర్తన ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు విధమునకు ఇది దగ్గరగానే ఉన్నది. అందువలన ఒక పాటను సిఫారసు చేయువాని మాటకు ఇక్కడ బరువెక్కువ.

ఒక హెచ్చరిక ముందుగా చెప్పవలెను. స్టీవెన్స్ అమెరికాలోని 50 రాష్ట్రములకు ఒక్కొక్క సంపుటము చేసెదనని ప్రకటించాడు. 2003లో మిషిగన్, 2005లో ఇల్లినాయ్, అంతటితో సరి. అది ప్రచారము కొరకు చెప్పిన మాట అని తరువాత ఆయనే ఒప్పుకొన్నాడు. కళాకారుల ప్రకటనలను బట్టి కాక పాటలను బట్టియే తీర్పు చేయుట క్షేమము.

క్రైస్తవ వర్గములలో స్టీవెన్స్‌ను పరిచయము చేయువారు సాధారణముగా 2004 నాటి "సెవెన్ స్వాన్స్" సంపుటమును చేతికిస్తారు. కారణము తేలికగానే తెలియును. అందులో అబ్రాహామును గూర్చిన పాట ఉన్నది, రూపాంతరపు కొండను గూర్చిన పాట ఉన్నది. 2006లో వచ్చిన క్రిస్మస్ సంపుటిలో పాత ఆంగ్ల కీర్తనలను బాంజో వాయిద్యముతో పాడినవి ఉన్నవి. కాపరికి ఇవి భయము కలిగించవు. వాక్యము ఉన్నది కాబట్టి పాట మంచిదని మనము త్వరగా అంటాము. మేము ఈ పద్ధతితో ఏకీభవించుట లేదు. రూపాంతరపు పాట సువార్త కథనమును దాదాపు వరుస తప్పకుండ చెప్పుకొనిపోవును. శ్రద్ధగలది, అందమైనది, అయితే సువార్తలో మనము ఇదివరకు చదవనిది ఏదియు అందులో వినబడదు. బైబిలు పేరు ఒక్కటియు లేని "కాసిమిర్ పులాస్కీ డే" మాత్రము మనలను బైబిలులోని కష్టమైన పుటలకు తీసుకొనిపోవును.

పాట కథ ఇది. చెప్పువాడు యౌవనస్థుడు. అతనికి ప్రియమైన అమ్మాయికి ఎముక క్యాన్సరు అని తెలిసినది. అతడు పొలాలగట్టున పూచు పసుపుపచ్చని పూలును, ఒక రాయియు తీసుకొని ఆమె యొద్దకు వెళ్లుచున్నాడు. పిల్లలు తెచ్చు కానుకలు అటువంటివే. మంగళవారపు బైబిలు అధ్యయన కూటములో అందరును చేతులెత్తి ఆమెపై ప్రార్థన చేస్తారు. ఏమియు జరుగదు. ఈ సంగతిని పాట ఒక్క వాక్యములో చెప్పి ముందుకు పోవును. గొంతు పెంచదు, వాద్యములు ఆగవు. మధ్యలో ఆ యిద్దరి మధ్య నడిచిన చనువు, ఆమె తండ్రికి అది తెలియుట, ఆ తండ్రి కన్నీళ్లు వచ్చును. మార్చి నెల మొదటి దినమున, సెలవు దినపు ఉదయమున, ఆమె మరణించును. పోలండు నుండి వచ్చి అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో 1779లో మరణించిన పులాస్కీ అను సేనాని పేరట ఇల్లినాయ్ రాష్ట్రము మార్చిలో పాటించు సెలవు అది. బడులకు సెలవైన దినమున బడి యీడు పిల్ల చనిపోయినది. పాట దీనిని ఎత్తిచూపదు, పేరులో పెట్టి ఊరకుండును.

వేదాంత విద్యార్థి ఇక్కడ మూడు సంగతులను గమనించవలెనని మా మనవి.

మొదటిది, ప్రార్థన విఫలమైనదని చెప్పి పాట దానికి కారణము వెదకదు. మన సంఘములలో ఇది ఎంత అరుదో కాపరులకు చెప్పనక్కరలేదు. బిడ్డను పోగొట్టుకొన్న యింటికి వెళ్లి, విశ్వాసము చాలలేదనియో, దాచిన పాపమేదో ఉన్నదనియో చెప్పివచ్చినవారిని మేము ఎరుగుదుము. స్వస్థత కూటములో సాక్ష్యము చెప్పువారికి మైకు ఇస్తాము. స్వస్థత కలుగక ఇంటికి పోయినవారికి ఇవ్వము. ఈ పాటలో అట్టి కారణము చెప్పుటకు కావలసిన సామాగ్రి అంతయు సిద్ధముగా ఉన్నది. యౌవనస్థుల తప్పిదమున్నది, తండ్రి సిగ్గు ఉన్నది, దాని ప్రక్కనే మరణమున్నది. పాట ఆ రెంటికి ముడివేయదు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు ఎవడు పాపము చేసెనని అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసిన యోహాను 9వ అధ్యాయమును ఇక్కడ తలంచుకొనవలెను.

రెండవది, పాట దేవుని మహిమ అను మాటను విడిచిపెట్టదు. దుఃఖము ముదిరిన చోటనే ఆ మాట మరల మరల వచ్చును. ఇది వెక్కిరింపని కొందరు విన్నారు. మేము పలుమార్లు విన్నాము, మాకు అట్లు తోచలేదు. బాల్యమునుండి నాలుకకు అలవాటైన స్తుతిమాట, హృదయము దానిని మోయలేని వేళ కూడ నోట వచ్చుట అది. 88వ కీర్తన చేయునది కూడ ఇదే. రక్షణకర్తయైన దేవుని పిలుచుటతో ఆ కీర్తన మొదలగును. హెబ్రీ మూలములో దాని చివరి మాట చీకటి. మధ్యలో ఎక్కడను మలుపు లేదు. 22వ కీర్తనలో వచ్చునట్టి స్తుతి అక్కడ రాదు. అయినను ఆ కీర్తన ప్రార్థనగానే మన చేతిలో ఉన్నది.

మూడవది పాట ముగింపు. యోబు తన పిల్లలను పోగొట్టుకొన్నప్పుడు పలికిన మాటలో (యోబు 1:21) రెండు క్రియలు కలవు, ఇచ్చుట, తీసికొనుట. దాని తరువాత స్తుతి కలదు. ఈ పాట చివర ఆ రెండు క్రియలలో ఒక్కటే, తీసికొనుట మాత్రమే, మిగిలియున్నది. అదియు ఒకసారి కాదు. మిగిలిన సగమును వినువాడు తనకు తానే జ్ఞాపకము చేసికొనవలసియున్నది, లేదా చేసికొనలేకపోవలసియున్నది. మొదటి అధ్యాయపు యోబును ప్రసంగించి మూడవ అధ్యాయపు యోబును దాటవేయు అలవాటు మనకున్నది. ఈ పాట ఆ రెండు అధ్యాయముల నడుమ నిలిచినది.

వాల్టర్ బ్రూగ్‌మన్ 1986లో విలాపము సంఘారాధననుండి జారిపోవుట వలన కలుగు నష్టమును గూర్చి ఒక వ్యాసము వ్రాశాడు. ఆయన వాదన సంగ్రహముగా ఇది: విలాపము లేనిచోట దేవునితో నిబంధన సంబంధము నిజమైన సంభాషణగా నిలువదు, నీతిన్యాయములను గూర్చిన ప్రశ్న అడుగు ధైర్యము కూడ పోవును. సెమినరీలో దీనిని పరీక్షకు చదువుదుము. భూస్థాపన వేళ మన నోట వచ్చు పాటలు మాత్రము చాలావరకు పరలోక నిరీక్షణ పాటలే. అవి ఉండవలసినవే. అయితే పెట్టె దింపకమునుపే వాటిని ఎత్తుకొందుము, తల్లి ఏడుపు పాటలో కలియక దానికి వెలుపలనే ఉండిపోవును. తెలుగునాట శ్మశానములో నిలిచి పాడదగిన గొప్ప పద్యములు క్రైస్తవ కుటుంబములో పుట్టిన జాషువా కవి వ్రాసినవే. అవి హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో వేదికలమీద వినబడినవి గాని ఆరాధనలో కాదు. ఈ సంగతి ప్రత్యేకముగా పరిశోధింపదగినది. ఎవరైనను విద్యార్థి పూనుకొనిన సంతోషము.

పాటలో లోపములు లేవా? ఉన్నవి. సంపుటము మొత్తము 22 ఖండములు, గంటకు మించిన సంగీతము. పాటల పేర్లు కొన్ని మూడు నాలుగు పంక్తుల పొడవు. యువకుని తెలివి ప్రదర్శన అందులో కొంత కలదు. వేదాంతపరముగా చెప్పవలసిన లోపము మరి పెద్దది. ఈ పాటలో సిలువ పేరెత్తి చెప్పబడదు. తీసికొనువాడు తన కుమారుని కూడ అప్పగించినవాడని, గెత్సేమనేలో గిన్నె తొలగింపబడలేదని, పాట చెప్పదు. ఒక పాట అన్నియు చెప్పవలెనని మేము అనము. కాపరి అయితే అక్కడ ఆగకూడదు. ఎప్పుడు ఆగి ఎప్పుడు మాటలాడవలెనో తెలిసికొనుటకే ఈ పాట అతనికి పనికివచ్చును.

సిఫారసు చేయువాడు దాచకూడని సంగతులు కూడ కలవు. అదే సంపుటములో 33 మందిని చంపిన షికాగో హంతకుడు జాన్ వేన్ గేసీని గూర్చిన పాట ఒకటి కలదు. చివర పాడువాడు తన హృదయమును ఆ హంతకుని ప్రక్కన నిలుపును. రోమా 3వ అధ్యాయమును బోధించువానికి అది విలువైనది, ఆదివారపు బడికి మాత్రము తగదు. 2015లో వచ్చిన "క్యారీ అండ్ లోవెల్" ఆయన తల్లి మరణమును గూర్చినది. ఆమె మానసిక వ్యాధితో బాధపడి, కుమారుడు పసివాడైయుండగానే ఇల్లు విడిచిపోయి, 2012లో క్యాన్సరుతో మరణించినది. ఇంతకన్న నిజాయితీగల దుఃఖ సంగీతమును మేము కొద్దిగానే విన్నాము. అయితే అందులో బ్రతుకు మీది విరక్తి స్పష్టముగా వినబడును. కృంగియున్న యౌవనస్థుని చేతికి దానిని ఇచ్చి వెళ్లిపోవుట కాపరి చేయదగిన పని కాదు, ప్రక్కన కూర్చొని వినవలెను.

మరియొకటి. 2023లో "జావెలిన్" సంపుటము విడుదలయినప్పుడు స్టీవెన్స్ దానిని ఆ సంవత్సరమే మరణించిన తన జీవిత సహచరునికి అంకితము చేశాడు. ఆ సహచరుడు పురుషుడు. ఇది తెలిసిన తరువాత కొందరు కాపరులు చెవి మూసికొంటారని మాకు తెలియును. మన సంఘములలో ఈ విషయమై ఉన్న నమ్మికలను ఈ వ్యాసము చర్చించుట లేదు. రెండు మాటలు మాత్రము చెప్పెదము. పాట సత్యమా కాదా అన్నది పాటలోనే చూడవలెను, 2005లో సత్యమైన పాట 2023లో అబద్ధము కానేరదు. ఏడ్చువారితో ఏడువవలెనని పౌలు రోమా 12లో వ్రాసినప్పుడు, ఎవరికొరకు ఏడ్చుచున్నారో ముందు విచారింపుమని వ్రాయలేదు.

ఇక తరగతిలో వచ్చిన ప్రశ్న. క్రైస్తవ పాటేనా అని అడుగువారు నిజముగా అడుగునది, దీనిని ఆరాధనలో పాడవచ్చునా అని. పాడవద్దు. తెలుగులోనికి మార్చి గిటారుతో పాడవలెనని మన యౌవనస్థులకు తోచవచ్చును. ఆ పూలు, ఆ సెలవు దినము, ఆ మంగళవారపు కూటము పోయిన తరువాత మిగులునది బలహీనమైన మాటల మూట. ఇది వినుటకైన పాట. ముఖ్యముగా మరణము జరిగిన యింటికి వెళ్లబోవు కాపరి, వెళ్లకమునుపు, తలుపు వేసికొని ఒంటరిగా వినవలసిన పాట. ఆంగ్లము కష్టమైనవారికి ముందు కథను తెలుగులో చెప్పి, తరువాత వినిపించి, వెంటనే చర్చ పెట్టకుండ 88వ కీర్తనను ఒకరిచేత చదివించుట మంచిదని మా అనుభవము. పది పాటల పట్టీ ఇచ్చుటకంటె ఒక్క పాటను ఇట్లు వినిపించుట మేలు.

ఆ విద్యార్థి ఆనాడు పాట తరువాత 2 సమూయేలు 12ను తీసికొని, దావీదు ఏడు దినములు ఉపవాసముండి ప్రార్థించినను బిడ్డ మరణించుటను గూర్చి ప్రసంగించాడు. మొదటి పది నిమిషములు బాగుగా సాగినవి. తరువాత తొందరపడి, అంతయు మేలుకే అని ముగించాడు. దావీదు సేవకులు బిడ్డ చనిపోయెనన్న మాట రాజుతో చెప్పుటకు భయపడిన వచనము దగ్గర నిలిచి, మరల వ్రాసికొని రమ్మని చెప్పి పంపాము.