కంప్యూటరు కూతలు

మీట నొక్కినను తెర వెలుగనపుడు బల్లమీది కంప్యూటరు తన రోగమును కూతలతో చెప్పుకొనును. 1981లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరులోనే ఈ ఏర్పాటు కలదు. తెర ఇంకను మేల్కొనని దశలో ధ్వనిని ఆశ్రయించుట మెచ్చదగిన యుక్తియే. కాని ఆ భాషకు వ్యాకరణము కుదరలేదు. ఐ.బి.ఎం. సంకేతములలో ఒక్క పొట్టి కూతకు 'అంతయు క్షేమము' అని అర్థము. అమెరికన్ మెగాట్రెండ్స్ వారి పాత పట్టికలో అదే కూతకు మెమరీ రిఫ్రెష్ చెడినదని అర్థము! ఒకే నాడి ఒక వైద్యునికి ఆరోగ్యము, మరొకనికి జ్వరము.

పైగా విద్యుత్ సరఫరా పెట్టె చెడినచో కూతయే లేదు. వోల్టేజీలు నిలకడ చెందినవను సంకేతము దానినుండి అందువరకు ప్రాసెసరు కదలదు. కనుక మౌనమును చూచి వెంటనే మెమరీ పలకను మార్చుట తొందరపాటు. ముందు గోడ సాకెట్టును, తీగను చూడవలెను. ఇటీవలి పెక్కు మదర్‌బోర్డులలో స్పీకరే లేదు, చిన్న దీపములు వచ్చినవి. వానికిని తయారీదారులందరికి ఒకే నిఘంటువు లేదు.