'పీనట్స్' కామిక్ స్ట్రిప్: కాలవ్యవధి, హాస్యం

చార్లెస్ షుల్జ్ సృష్టించిన 'పీనట్స్' అమెరికా వార్తాపత్రికలలో 1950 అక్టోబరు 2న మొదలై 2000 ఫిబ్రవరి 13న ముగిసింది. దాదాపు 50 సంవత్సరాలు ఆయన ఒక్కరే దీనిని రాసి, గీశారు. ఇప్పుడు దీనిని ఇంటర్నెట్‌లో తేదీల వారీగా చదువుకోవచ్చు. మాధ్యమం మారితే అనుభవం మారుతుందా? ఒక ఉదాహరణ పరిశీలిద్దాం.

లూసీ అనే బాలిక ఫుట్‌బాల్‌ను నేల మీద నిలబెట్టి పట్టుకుంటుంది. చార్లీ బ్రౌన్ పరుగున వచ్చి తన్నబోయే క్షణంలో దానిని లాగేస్తుంది. అతడు వెల్లకిలా పడతాడు. ఈ సన్నివేశం దాదాపు ఏటా శరత్కాలంలో పునరావృతమయ్యేది. వీటన్నింటినీ ఒకే పూట చదివితే చార్లీ బ్రౌన్ ఉత్త అమాయకుడిగా, లూసీ నిర్దయురాలిగా మాత్రమే కనిపిస్తారు. పత్రికా పాఠకునికి మాత్రం రెండు సన్నివేశాల మధ్య ఏడాది గడిచేది. నిరుటి మోసాన్ని కొంత మరచి, ఈసారైనా తంతాడేమోనని అతడూ ఆశపడే వీలుండేది. ఆ ఆశే హాస్యానికి కరుణను జోడించింది. కనుక ఇక్కడ కాలవ్యవధి కూడా శిల్పంలో భాగమే.

అయితే ఆన్‌లైన్ పఠనానికి ప్రయోజనం లేకపోలేదు. మొదట నాలుగు కాళ్ల మీద నడిచిన కుక్కపిల్ల స్నూపీ, క్రమంగా రెండు కాళ్ల మీద నిలబడి, టైప్‌రైటర్ ముందు కూర్చునే రచయితగా మారిన తీరు వరుసగా చదివినప్పుడే స్పష్టమవుతుంది. పాత్ర పరిణామం తెలుసుకోవడానికి వరుసగా చదవండి. హాస్యాన్ని ఆస్వాదించడానికి రోజుకొకటి చాలు.