జియాకు సాయంత్రపు బస్సు

పర్యాటకుల బస్సంటే చదువుకున్నవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. కారు అద్దెకు తీసుకుని దారి తప్పుతూ తిరిగినవాడు యాత్రికుడట, హోటల్ గుమ్మంలో బస్సెక్కినవాడు సరుకట. నాకు మాత్రం ఆ బస్సులంటే ఇష్టం, అందులోనూ సాయంత్రం బయల్దేరేవంటే మరీను. సీటు ఎత్తుగా ఉంటుంది కనుక ప్రహరీ గోడల అవతలి పెరళ్లు కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు కనుక లోయ సంగతి మనం చూసుకోవచ్చు. పైగా ఆ నేల మీద పుట్టిపెరిగిన మనిషి ఒకరు మైకు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంటారు. ఆ మనిషికి మాట్లాడటం వచ్చిందా, టికెట్ డబ్బులు అక్కడికే గిట్టుబాటు.

మా చెల్లెలూ మరిదీ జర్మనీలో ఉంటారు. కిందటి సెప్టెంబరులో వాళ్లతోపాటు గ్రీస్‌లోని కోస్ ద్వీపానికి వెళ్లాను. మనవాళ్లకు గ్రీస్ అంటే శాంతోరిని. కోస్ పేరు ఎక్కువమంది విని ఉండరు. టర్కీ తీరాన్ని ఆనుకుని, నలభై కిలోమీటర్ల పొడవున సన్నగా పడుకున్న ద్వీపం అది. జర్మనీ, బ్రిటన్, నెదర్లాండ్స్ నుంచి చార్టర్ విమానాల్లో జనం ఇసుక కోసం, ఎండ కోసం దిగుతారు. పగలంతా సముద్రం ఒడ్డున కాలి ఎర్రబడ్డ ఈ జనానికి సాయంత్రం పూట ఒక కాలక్షేపం కావాలి. హోటల్ కౌంటర్ మీద దానికో కరపత్రం ఉంటుంది. జియా అనే కొండ ఊళ్లో సూర్యాస్తమయం, తర్వాత భోజనం, రాత్రి పదింటికి తిరిగి హోటల్‌కు.

ఈ ట్రిప్పు టైమ్‌టేబుల్ సూర్యుడి చేతిలో ఉంటుంది. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. సెప్టెంబరు నడిమికి ఏడుంబావుకే అయిపోతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడిచే సీజన్‌లో బస్సు వేళ ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటుంది. వేళే కాదు, సూర్యుడు దిగే చోటూ మారుతుంది. జూన్‌లో అయితే వాయవ్యంగా కాలిమ్నోస్ ద్వీపం కొండల దగ్గర దిగుతాడు. సెప్టెంబరులో తిన్నగా పడమటి సముద్రంలోకే. ఏ నెలలో ఏ బల్ల దగ్గర కూర్చుంటే బాగుంటుందో అక్కడి టావెర్నా (భోజనశాల) వాళ్లకు కంఠతా వచ్చు.

ఒక్క ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. మా హోటలున్న తిగాకి నుంచి జియాకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ. కానీ బస్సు నేరుగా వెళ్లదు. తీరం వెంబడి ఒక్కో హోటల్ ముందు ఆగుతుంది, ఇద్దరు ఎక్కుతారు, మూడోవాళ్లు గదిలో స్వెట్టర్ మరిచిపోయామంటారు. ఈ తిరుగుడుకే గంట పడుతుంది. మా చెల్లెలు మూడో హోటల్ దగ్గరే విసుక్కుంది. "అక్కా, టాక్సీలో ఈపాటికి కాఫీ తాగేసి ఉండేవాళ్లం." నిజమే కానీ, ఆ గంటలోనే గైడు తన పని మొదలుపెట్టింది.

గైడుకు నలభై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు, జర్మన్ మార్చి మార్చి చెబుతోంది. కోస్‌లో ఏ గైడైనా ముందు హిప్పోక్రటీస్ బాకీ తీర్చుకోవాలి. వైద్యశాస్త్రానికి పితామహుడనే ఆయన క్రీ.పూ. 460 ప్రాంతంలో పుట్టింది ఇక్కడే. ఆయన నీడన కూర్చుని పాఠాలు చెప్పాడనే చెట్టు కోస్ పట్టణం నడిబొడ్డున ఉంది. "ఆ చెట్టుకు మహా అయితే అయిదొందల ఏళ్లు, కానీ ఫొటో తీసుకోండి, చెట్టు ఏమీ అనుకోదు" అంది. బస్సులో డాక్టర్లెవరైనా ఉన్నారా అని అడిగితే మా చెల్లెలు మొగుడి చెయ్యి పట్టుకుని పైకెత్తింది. బస్సంతా చప్పట్లు. మా మరిది పళ్ల డాక్టరు. ఆ మాట చెప్పుకునే వ్యవధి ఆయనకు దొరకలేదు.

జిపారి అనే చోట బస్సు పెద్దరోడ్డు వదిలి ఎడమకు తిరిగి కొండ దారి పట్టింది. జిపారిలో చూడ్డానికి ఏమీ లేదు. పెట్రోలు బంకు, సూపర్ మార్కెట్, సిమెంటు మేడలు. బస్సులో ఎవరూ తలెత్తి చూడలేదు. గైడు అక్కడ మైకులో ఒక్క వాక్యమే అంది. "మా అమ్మమ్మది పైన హైహూతెస్, మా అమ్మది ఈ ఊరు." అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ వాక్యంలో ద్వీపం చరిత్ర సగం ఉంది. పైన దికేయోస్ అనే కొండ, దాదాపు 850 మీటర్ల ఎత్తు. దాని ఉత్తరపు వాలు మీద అస్ఫెందియు అని పిలిచే అయిదు పల్లెలు ఉన్నాయి. అన్నిటికన్నా పైన జియా. అటు చివర అడవిలో హైహూతెస్. చదునైన నేల, సముద్రం, చేపలు కింద ఉంటే ఇంత నిట్రమైన వాలు మీద ఇళ్లెందుకు కట్టుకున్నారు? నిజానికి ముందు వాళ్లు కిందే ఉన్నారు. ఇదే జిపారిలో తొలినాటి క్రైస్తవుల బసిలికా చర్చిల శిథిలాలు ఉన్నాయి, రంగురాళ్ల మొజాయిక్ నేలతో. ఆరో శతాబ్దంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత వందల ఏళ్లు సముద్రం మీది నుంచి దోపిడీలు. పల్లపు నేలల్లో దోమలు, చలిజ్వరం. ఒడ్డున బతకడం అంటే పడవల వాళ్లకు ఎదురుగా అన్నం వడ్డించుకుని కూర్చోవడమే. అందుకే పైకెక్కారు. మనకు సముద్రం కనిపించాలి, సముద్రానికి మనం కనిపించకూడదు. ఈజియన్ సముద్రంలో పాత కొండ ఊళ్లు చాలావాటి వెనక ఉన్న లెక్క ఇదే. జియాకు అదనంగా ఊట నీళ్లున్నాయి. ఆ నీటితో తిరిగిన మర కూడా ఒకటి ఉంది.

ఈ పల్లెలు తుర్కుల ఏలుబడి చూశాయి, 1912 నుంచి ఇటలీ ఏలుబడి చూశాయి. గైడు అమ్మమ్మ బడిలో నేర్చుకున్నది ఇటాలియన్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947 సంధితో ఈ ద్వీపాలు గ్రీస్‌కు వచ్చాయి. అప్పటికి దొంగ పడవల భయం పోయింది, చలిజ్వరం తగ్గుముఖం పట్టింది. 1960ల నుంచి హైహూతెస్ జనం పనుల కోసం జిపారికి దిగడం మొదలుపెట్టారు. తర్వాత తీరంలో హోటళ్లు లేచాయి. దిగినవాళ్లు ఎక్కలేదు. హైహూతెస్ పూర్తిగా ఖాళీ అయింది. రాతి గోడలు, మధ్యలో చర్చి మిగిలాయి. జియా మాత్రం నిలిచింది, పడమర వైపు అడ్డం లేకపోవడం వల్ల.

ఎవాంగెలిస్ట్రియా దాటాక రోడ్డు ఇరుకైంది. పన్నెండు మీటర్ల బస్సు హెయిర్‌పిన్ మలుపు తిప్పడం దగ్గర నుంచి చూడవలసిన విద్య. డ్రైవరు ముందు బస్సు ముక్కును లోయ మీదకు పోనిస్తాడు. ముందు వరసలో కూర్చుంటే ముందు చక్రం మన కాళ్ల వెనక ఉంటుంది కనుక ఒక క్షణం మన కాళ్ల కింద రోడ్డు ఉండదు, ఆలివ్ చెట్ల చిటారు కొమ్మలుంటాయి. అప్పుడు చక్రం పూర్తిగా తిప్పుతాడు. వెనక భాగం రాతి గోడకు జానెడు దూరంలో తుడుచుకుంటూ వస్తుంది. ఎదురుగా ఇంకో బస్సు దిగుతూ వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ అద్దాల్లోంచి చేతివేళ్లతో ఏదో బేరం ఆడుకున్నారు. మావాడు కాస్త వెనక్కి తీసి ఒక ఇంటి పెరట్లోకి తోక దూర్చాడు. ఆ ఇంటి ముసలాయన కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తి, చాలు చాలు అన్నట్టు సైగ చేశాడు. ఆయనకు ఇది సీజనంతా రోజూ ఉండే డ్యూటీయే అనిపించింది.

జియా గురించి పొగిడి రాయడం తేలికే. సున్నం వేసిన గోడలు, మెట్ల సందులు, అంజూర చెట్లు, అక్రోట్ చెట్లు. అయితే అసలు వీధిలో ఇల్లనేది వెతికితే గానీ కనపడదు. తేనె, ఆలివ్ సబ్బులు, ఎండబెట్టిన ఒరెగానో కట్టలు, టోపీలు, అయస్కాంతం బొమ్మలు. దీన్ని ఊరనాలా బజారనాలా అని మా మరిది అడిగారు. ఈ బజారే లేకపోతే ఇదీ ఇంకో హైహూతెస్ అయ్యేది కదా అన్నాను. ఇలాంటి చోట 'అచ్చమైన పల్లె' కోసం వెతికేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. అచ్చమైన పల్లెలో నీళ్లు మోసుకోవాలి, గాడిద మీద కట్టెలు తెచ్చుకోవాలి. ఆ బతుకు వద్దనే కదా వాళ్లు దిగింది.

సూర్యాస్తమయం మాట. టావెర్నా మేడ మీద బల్లలన్నీ పడమటి వైపు తిప్పి ఉన్నాయి, మనుషులూ ఫోన్లూ అటే. ఎర్రటి బిళ్ల నీళ్లలో మునగగానే ఈలలు, చప్పట్లు. మా నాన్నగారైతే దోసిట్లో నీళ్లు తీసుకుని అర్ఘ్యం వదిలేవారు. చప్పట్లు అయీ అవగానే సగం మంది లోపలికి, మెనూ కార్డుల మీదకు వెళ్లిపోయారు. ఆట అప్పుడే మొదలైందని వాళ్లకు తెలియదు.

ఆ తర్వాత అరగంట కోసం ఈ ట్రిప్పు సాయంత్రమే చెయ్యాలి. పొద్దున వచ్చినవాళ్లకు కొండ, చెట్లు, కింద మైదానం, ఒకప్పుడు ఉప్పు పండించిన అలికెస్ మడుగు, సముద్రం కనిపిస్తాయి. అదంతా పోస్టుకార్డు. చీకటి పడుతున్నప్పుడు ఒక్కొక్క దీపమే వెలుగుతుంది. ముందు తిగాకి, తర్వాత మర్మారి, పెద్దరోడ్డు మీద జిపారి, తూర్పున కోస్ పట్టణం. తీరం పొడవునా వెలుగు గీత కట్టింది. కొండవాలు మీద చూస్తే జియా బల్లల మీది దీపాలు, ఎవాంగెలిస్ట్రియాలో కొన్ని, మిగతా అంతా నలుపు. వందేళ్ల కిందట ఇదే వేళకు ఇక్కడ నుంచుంటే లెక్క తలకిందులుగా ఉండేది. నూనె దీపాలు ఈ వాలు మీద మిణుకుమనేవి, తీరం చాలామటుకు చీకటిగా ఉండేది. ఏ మ్యూజియంలోనూ ఇంత తేటగా గీసిన వలసల పటం నేను చూడలేదు. దాన్ని గైడు చూపించలేదు, కరపత్రంలోనూ లేదు. అప్పటికి మిగతావాళ్లూ సూపు కోసం లోపలికి వెళ్లారు.

ఉత్తరాన నీళ్లకు ఆవల ఇంకో దీపాల వరస ఉంది. అది టర్కీ. బాగా సన్నబడిన చోట మధ్యలో సముద్రం నాలుగైదు కిలోమీటర్లే. 2015లో సిరియా నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు వేలాదిగా ఆ పాయ దాటి రాత్రిళ్లు రబ్బరు పడవల్లో ఈ ద్వీపానికి చేరారు. అందరూ చేరలేదు. ఆ సెప్టెంబరులో టర్కీ ఒడ్డున ఇసుకలో బోర్లా పడి ఉన్న పసివాడి ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ కుటుంబం ఎక్కిన పడవ కోస్‌కే రావాల్సింది. గైడును ఆ రోజుల గురించి అడిగాను. "మైకులో చెప్పను. అడిగినవాళ్లకు చెబుతాను" అంది, చాలాసేపు చెప్పింది.

భోజనంలో నాకు నచ్చింది క్రసోతిరి అనే జున్ను. వైన్ తీశాక అడుగున మిగిలే మడ్డిలో నానబెడతారు. ముక్క కోస్తే అంచు చుట్టూ వంకాయ రంగు తోలు, లోపల తెల్లగా. మొదటి ముక్కకు నాలుక కాస్త జంకుతుంది. ఉప్పు, పులుపు, పులిసిన ద్రాక్ష వాసన. మూడో ముక్కకు మా చెల్లెలు పళ్లెం తన వైపు లాక్కుంది. మందు తాగని మాకు కనెలాదా ఇచ్చారు. దాల్చినచెక్క పానకం, ఎర్రగా, చల్లగా. తీపి మాత్రం ఒక పాలు ఎక్కువే. తర్వాత బుజూకీ వాయించారు, నాట్యం చేశారు. ఆ భాగం అన్ని ద్వీపాల్లోనూ ఒకేలా ఉంటుంది కనుక వదిలేస్తున్నాను.

దిగేటప్పుడు గైడు తలలు లెక్కపెట్టింది, రెండు తగ్గాయి. సబ్బుల కొట్లో దొరికారు. బస్సు జిపారి మీదుగా వస్తుంటే చెల్లెలితో అన్నాను, నా చేతిలో ఉంటే ఎక్కేటప్పుడే ఇక్కడ బస్సు ఆపిస్తానని. కొండ దిగినవాళ్ల ఊరు ఇది, వాళ్ల పూర్వులు కొండెక్కక ముందున్న ఊరూ ఇదే. రోడ్డు దిగి బసిలికా నేల ఒక్కసారి చూసి బస్సెక్కితే పైన కనిపించే దీపాలకు అర్థం తెలుస్తుంది. పది నిమిషాల పని.

"యాభై మంది దిగి ఎక్కడానికే పది నిమిషాలు కావాలి, అక్కా" అంది. "ఆ తర్వాత నీ సూర్యుడు ఆగుతాడా?"

సరే, అయితే ఓ ఇరవై నిమిషాలు ముందు బయల్దేరాలి. హోటల్ గదిలో స్వెట్టర్ మరిచిపోయేవాళ్లను వదిలేసైనా సరే.