పద్నాలుగో వంతు లారీ

పది టైర్ల లారీకి వేసే 10.00-20 టైరు ఎత్తు సుమారు 1,050 మిల్లీమీటర్లు. దాన్ని పద్నాలుగో వంతుకు కుదిస్తే 75 వస్తుంది. ప్లంబింగ్ సామాన్ల కొట్లో అమ్మే పీవీసీ గొట్టాల్లో 75 మిల్లీమీటర్లది మామూలు సైజు. మోడల్ లారీ చేసేవాళ్లు ఆ గొట్టాన్ని ముక్కలుగా కోసి, పైన సైకిలు ట్యూబు రబ్బరు తొడిగితే టైరు తయారు. రబ్బరు వల్ల మిల్లీమీటరో రెండో పెరిగినా తప్పు లేదు. అసలు లారీలో కొత్త టైరుకీ గుండైన టైరుకీ ఉండే తేడాను పద్నాలుగుతో భాగిస్తే వచ్చేదీ అంతే.

జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ ఇదే 1/14 స్కేలులో రిమోట్‌తో నడిచే లారీ కిట్లు అమ్ముతుంది. మూడు గేర్లు, మోటారు, చక్కగా కోసిన చాసీ పట్టీలు అన్నీ పెట్టెలోనే ఉంటాయి. అందులో వచ్చేవి స్కానియా, వోల్వో, మెర్సిడెస్ లాంటి లారీలు. రంగారెడ్డి జిల్లా కొండకల్ రోడ్డు మీద ఇసుకతోనో ఇటుకతోనో కంకరతోనో పోయే టాటా, అశోక్ లేలాండ్ లారీలు ఆ పెట్టెల్లో దొరకవు. మన లారీ కావాలంటే ఫోమ్‌షీటు, కట్టర్, స్టీలు స్కేలు, ఫెవిక్విక్ ముందు పెట్టుకుని మొదటి నుంచీ చేసుకోవాల్సిందే. ఈ కొరతే ఇక్కడి పనితనాన్ని పెంచిందని నా నమ్మకం. కిట్ బిగించేవాడికి కొలతలు కాగితం మీద వస్తాయి. మనవాడు టేపు పట్టుకుని, డ్రైవరన్నను అడిగి, నిలబడి ఉన్న లారీ కిందకి దూరి తెచ్చుకోవాలి.

తెచ్చుకున్నాక ఇంకో చిక్కు ఉంది. మన లారీ రెండు చోట్ల పుట్టిన బండి. ఇంజను, చాసీ, ఇరుసులు ఫ్యాక్టరీలో తయారవుతాయి. తొట్టి, చాలా లారీల్లో క్యాబిన్ కూడా, విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల వడ్రంగి, వెల్డరు, పెయింటరు కలిసి కడతారు. తలుపుల్లేని, కప్పు లేని చాసీ మీద హెల్మెట్ పెట్టుకున్న డ్రైవరు ఎండలో కూర్చుని బాడీ షెడ్డుకు తోలుకుపోవడం హైవే మీద చూసే ఉంటారు. ఆ చాసీలో ప్రతి రివెట్టూ ఒకే దూరంలో ఉంటుంది. షెడ్డులో కట్టిన తొట్టిలో మాత్రం ఒక పలక వేరొక పలక కంటే అరంగుళం వెడల్పు ఉండొచ్చు, బోల్టు కాస్త పక్కకు జరగొచ్చు. మంచి మోడల్‌ను నేను గుర్తుపట్టేది ఇక్కడే. మర చేసినదాన్ని మరలాగా, మనిషి చేసినదాన్ని మనిషిలాగా చూపించగలిగాడా లేదా? తొట్టి పలకలన్నీ స్కేలు పెట్టి సమానంగా కోసేస్తే పని శుభ్రంగానే ఉంటుంది, లారీ మాత్రం బొమ్మలా కనిపిస్తుంది. గీతలు కావాలని కొద్దిగా తప్పించడానికి కొలత మీద పూర్తి పట్టు ఉండాలి. తప్పిపోవడం వేరు, తప్పించడం వేరు. కళ్లకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

లారీ బరువు మోసే కమాన్ పట్టీల దగ్గర కాసేపు ఆగాలి. మోడల్ చేసేవాళ్ల ఓర్పు, తెలివి ఎక్కువగా కనిపించేది అక్కడే. అసలు కమానులో పై పట్టీ పొడవైనది, దాని రెండు కొసలూ చుట్టి కళ్లుగా చేసి ఉంటాయి. కింద పట్టీలు వరసగా పొట్టివవుతాయి. మధ్యలో ఒక బోల్టు, ఇరుసును పట్టి ఉంచే యూ బోల్టులు. ఒక కొస పిన్నుతో కదలకుండా ఉంటుంది, రెండో కొస షాకిల్‌కు వేలాడుతుంది. బరువు పడి కమాను చదునైతే పొడవు పెరుగుతుంది, ఆ పెరిగినదానికి చోటివ్వడానికే షాకిల్. రెండు కొసలూ అంటించేసిన మోడళ్లు చాలా చూశాను. ఫొటోలో బాగుంటాయి, వేలితో నొక్కితే కదలవు.

షాకిల్ పెట్టినా పని అయిపోదు. లెక్క అడ్డం వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పద్నాలుగో వంతైతే బరువు 2,744వ వంతవుతుంది. 2018లో పెంచిన పరిమితి ప్రకారం పది టైర్ల లారీ నిండు బరువు 28.5 టన్నులు. అంటే మోడల్ పది కిలోలకు పైగా తూగాలి. ఉక్కు కమాను బిగువు మాత్రం పద్నాలుగో వంతుకే తగ్గుతుంది. అందుకే కొలత ప్రకారం అచ్చంగా చేసిన కమాను, పది కిలోలు మోపినా, లారీ సైజుతో పోల్చితే వంగాల్సినదానిలో పద్నాలుగో వంతే వంగుతుంది. ఫోమ్‌షీటు లారీ పది కిలోలూ తూగదు, ఇక చెప్పేదేముంది. దీనికి విరుగుడు అందంగా ఉంటుంది. ఒకటి రెండు పట్టీలే ఉక్కువి పెడతారు, పాత కొలత టేపు నుంచి కోసినవైనా చాలు. మిగతావన్నీ పల్చటి ప్లాస్టిక్ పట్టీలు, చూడడానికే. పైకి తొమ్మిది పట్టీలు కనిపిస్తాయి, మోసేవి రెండే. ఊళ్లలో కమ్మరులు అరిగిన లారీ కమాన్ పట్టీలను కొని కత్తులు, కొడవళ్లు సాగగొడతారు. ఆ ఉక్కు మొండితనం వాళ్లకు తెలుసు. దాన్నే వేలి బరువుకు వంగేలా చేయడం మోడలిస్టు పని.

అతుకుల సంగతి. ఫెవిక్విక్ రాసి పైన వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా బిగుస్తుంది, ఆకురాయితో రాస్తే సందు మాయమవుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. అతుకు కనబడకూడదన్న పంతం రెండు చోట్లా ఒకటే. కొండకల్ వైపు జొన్న పండించిన ఊళ్లలో పిల్లలు జొన్న బెండుతో ఎడ్లబండ్లు చేసేవాళ్లు. దంటు లోపలి మెత్తటి బెండు నొగలకూ చక్రాలకూ, పైన ఒలిచిన పేడు మేకులకూ. జిగురే అక్కర్లేదు. మోడల్ లారీకి వంశవృక్షం గీస్తే మొదటి కొమ్మ ఆ బండిదే.

క్యాబిన్‌కు వచ్చేసరికి కస్టమైజింగ్ అన్న మాటకు మన దగ్గర నిండు అర్థం దొరుకుతుంది. అసలు లారీ యజమానే దాన్ని ముందు కస్టమైజ్ చేసి పెట్టాడు. కప్పు మీద చెక్క పెట్టె, అద్దం పైన దేవుడి పేరు, బంపరు కింద నల్ల కుచ్చులు, వెనక దిష్టికి రాక్షసి ముఖం. దిష్టికి కట్టే నిమ్మకాయను పద్నాలుగో వంతు చేస్తే మూడు మిల్లీమీటర్లు, పసుపు రంగు పెసరపప్పు బద్ద సరిపోతుంది. అక్షరాలు మాత్రం కుంచెతో రాయాల్సిందే. రేడియం స్టిక్కర్ల కొట్లో మిషన్ మీద కోయిస్తే పదునుగా వస్తాయి, కానీ పెయింటర్ చేతి ఒంపు పోతుంది. నంబరు ప్లేటుకు స్టిక్కరే మంచిది, పసుపు మీద నలుపు. అది లారీ వయసూ చెబుతుంది. రంగారెడ్డి జిల్లా బండి మీద ఏపీ 28 రాస్తే తెలంగాణ రాకముందుది, టీఎస్ 07 అయితే 2014 తర్వాతది, టీజీ 07 అయితే 2024 మార్చి తర్వాతది. టీజీ 07 ప్లేటు పెట్టిన బండికి తుప్పు పట్టించడం సరికాదు.

తుప్పు, దుమ్ము, గీతలు వేయడం వేరే విద్య. తుప్పు రంగు వేసి దాని మీద తడిపి ఉప్పు చల్లి, పైరంగు కొట్టి, ఆరాక ఉప్పు రాల్చేస్తే రంగు పెచ్చులూడినట్టు వస్తుంది. పద్ధతి అందరికీ తెలుసు, ఎక్కడ చేయాలో తెలిసినవాళ్లు తక్కువ. ఇసుక లారీ తొట్టి లోపల రంగు పోయేది నేల మీద, వెనక తలుపు దగ్గర. అక్కడ తుప్పు ఉండదు, రోజూ ఇసుక తోమేస్తుంది కాబట్టి ఇనుము మెరుస్తుంది. తుప్పు మూలల్లో, నీళ్లు నిలిచే చోట. మొయినాబాద్, చేవెళ్ల మధ్య మర్రిచెట్ల కింద రోజూ తిరిగే లారీకి తొట్టి పై అంచున కొమ్మలు రాసుకున్న సన్నటి గీతలు, అన్నీ ముందు నుంచి వెనక్కే. నిలువుగా గీసినవాడు ఆ దారిని చూడలేదన్నమాట. టార్పాలిన్‌కు గుడ్డ పనికిరాదు, మడత మందంగా పడుతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపిన టిష్యూ కాగితం సరిగ్గా వాలుతుంది.

రిమోట్, లైట్ల గురించి ఎక్కువ చెప్పను, అవి కొని బిగించేవి. ఒక్కటి మాత్రం చెప్పాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే లారీని పద్నాలుగో వంతులో నడిపితే గంటకు మూడున్నర కిలోమీటర్లు దాటకూడదు. మనిషి నడక కంటే నెమ్మది. అంతకు మించి తోలితే ఎంత బాగా చేసిన బండయినా ఆటవస్తువైపోతుంది.

శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో 2023లో మేధా సంస్థ రైలు పెట్టెల ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడి నుంచి వచ్చే ప్రతి పెట్టెకూ డ్రాయింగులు ఉంటాయి. షెడ్డులో చెక్కతో కట్టిన లారీ క్యాబిన్‌కు అలాంటివి ఉండవు. మేస్త్రీ కంటి కొలతే డ్రాయింగు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డ్రైవర్లకు అది ఎప్పుడో అందాల్సిన మేలు. చెక్క క్యాబిన్లు మాత్రం ఇక రోడ్డు మీద తగ్గిపోతూ వస్తాయి. వాటి కొలతలు ఇప్పుడు మోడలిస్టుల నోటు పుస్తకాల్లోనే ఉన్నాయి. తలుపు ఎత్తు, కప్పు వాలు, సీటు వెనక పడక వెడల్పు ఇంకా కొలవనివాళ్లు, ఆ లారీలు నడుస్తుండగానే టేపు పట్టుకుని వెళ్లాలి.