రాజీ, పునరుద్ధరణ న్యాయం: ఒక విమర్శనాత్మక పరిశీలన

దండన న్యాయం మూడు ప్రశ్నలు అడుగుతుందని మీరు ఇదివరకే తెలుసుకున్నారు. ఏ చట్టాన్ని ఉల్లంఘించారు? ఎవరు ఉల్లంఘించారు? ఏ శిక్ష విధించాలి? పునరుద్ధరణ న్యాయం వేరే ప్రశ్నలతో మొదలవుతుంది. నష్టపోయింది ఎవరు? వారికి ఏం కావాలి? ఆ నష్టాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది? అమెరికాకు చెందిన హోవర్డ్ జెర్ 1990లో ప్రచురించిన గ్రంథం ఈ ఆలోచనకు విస్తృత ప్రచారం కల్పించింది. రాజకీయ కారణాలతో జరిగిన హింస తరువాత ఈ సిద్ధాంతం ఎంతవరకు పనికివస్తుందో గోదావరి డెల్టా అనుభవంతో పరిశీలిద్దాం.

అమలాపురం ఘటన

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం మే నెలలో ప్రతిపాదించింది. పాత పేరునే ఉంచాలంటూ మే 24న అమలాపురంలో జరిగిన నిరసన హింసగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్లకు నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. పోలీసులు గాయపడ్డారు. కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ నిలిచిపోయింది. జూన్‌లో మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది. 2023 మార్చిలో ముఖ్యమంత్రి కోనసీమకు చెందిన వివిధ వర్గాల నాయకులతో సమావేశమయ్యారు. కేసులు ఎత్తివేయాలని అక్కడ నిర్ణయించారు.

ఈ నిర్ణయాన్ని తేలికగా తోసిపుచ్చలేం. కేసుల్లో ఇరుక్కున్న యువకుల చదువులు, ఉద్యోగాలు దెబ్బతింటాయి. ఊళ్లలో పగ మిగిలిపోతుంది. అయితే దీన్ని పునరుద్ధరణ న్యాయం అనవచ్చా?

దక్షిణాఫ్రికాతో పోలిక

దక్షిణాఫ్రికా 1995లో చట్టం చేసి, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్యం, సయోధ్య కమిషన్‌ను నియమించింది. క్షమాభిక్ష కోరినవారు తాము చేసిన పనిని పూర్తిగా వెల్లడించాలి. అది రాజకీయ లక్ష్యంతో చేసినదని నిరూపించాలి. 7,000కు పైగా దరఖాస్తులు వస్తే కొద్దిమందికే క్షమాభిక్ష లభించింది. ఆ ఏర్పాటులోనూ లోపాలున్నాయి. క్షమాభిక్షకు బాధితుల అంగీకారం అవసరం లేదు. పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికో కుటుంబం దీన్ని న్యాయస్థానంలో సవాలు చేసి ఓడిపోయింది. బాధితులకు ఒక్కొక్కరికి 30,000 రాండ్ల పరిహారాన్ని ప్రభుత్వం ప్రకటించేసరికి 2003 వచ్చింది.

ఇన్ని లోపాలున్నా, అక్కడ క్షమకు ఒక వెల ఉంది. ఆ వెల సత్యం. నాయకులు కూర్చుని కేసులు ఎత్తివేయాలని తీర్మానించుకున్నప్పుడు ఆ వెల ఎవరూ చెల్లించరు. నిప్పు ఎవరు పెట్టారు, ఎవరు పురికొల్పారు అన్నది బహిరంగంగా తేలదు. కనుక దాన్ని రాజీ అనాలి. పునరుద్ధరణ అనలేం.

సిద్ధాంతానికి ఉన్న పరిమితి

ఇంతకన్నా లోతైన ఇబ్బంది సిద్ధాంతంలోనే ఉంది. బాధితుడు, నేరం చేసినవాడు సమానంగా ఎదురెదురుగా కూర్చోగలరని అది భావిస్తుంది. కడియం నర్సరీల్లో రోజుకూలికి వెళ్లే ఒక వ్యక్తి ఎన్నికల గొడవలో దెబ్బలు తిన్నాడనుకోండి. కొట్టించినవాడే అతనికి పని ఇచ్చే రైతు. పెద్దమనుషుల ముందు ఆ కూలీ ‘క్షమించాను’ అంటే, ఆ మాట అన్నది అతని మనసా, రేపటి కూలి అవసరమా?

కడియానికి దగ్గరలోని రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు చివరిలో దళిత యువకులను హింసించి శిరోముండనం చేశారు. ఆ కేసులో 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను దోషులుగా నిర్ధారించి 18 నెలల జైలుశిక్ష విధించింది. దోషులు హైకోర్టును ఆశ్రయించారు. 27 ఏళ్లు పట్టిన విచారణ దండన న్యాయం గొప్పతనానికి రుజువు కాదు. కానీ బలవంతుడి ఎదుట నిలబడడానికి బలహీనుడికి కోర్టు తలుపు ఎందుకు తెరిచి ఉండాలో ఈ కేసు చెబుతుంది. ఆ తలుపు మూసేసి జరిపే సయోధ్య బాధితుడి మీద రెండో ఒత్తిడి అవుతుంది.

చట్టం చూపే దారి

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షన్ ప్రకారం, కేసు ఉపసంహరణకు అనుమతించే ముందు కోర్టు బాధితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షన్‌లో ఈ నిబంధన లేదు. ఇది చిన్న మార్పులా కనిపించినా, ప్రభుత్వం, నాయకులు మాత్రమే ఉన్న చర్చలోకి బాధితుణ్ణి తీసుకువస్తుంది. అయితే బాధితుడి మాట వినడం వేరు, అతని సమ్మతి తీసుకోవడం వేరు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

సారాంశం

రాజకీయ హింస తరువాత జరిగే ఏ సయోధ్యనైనా మూడు గీటురాళ్లపై పరీక్షించండి. చేసినవారు బహిరంగంగా నిజం చెప్పారా? నష్టపోయినవారు భయం లేకుండా సమ్మతించారా? నష్టాన్ని పూడ్చే పని ఎవరైనా తలకెత్తుకున్నారా? ఈ మూడూ లేనిచోట ఊరు ప్రశాంతంగానే ఉండవచ్చు. ఆ ప్రశాంతతకు మూల్యం చెల్లించింది ఎవరో అడగడం విద్యార్థిగా మీ బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రాజీకి, పునరుద్ధరణ న్యాయానికి గల తేడాలను అమలాపురం ఘటన ఆధారంగా వివరించండి.
2. కేసు ఉపసంహరణ విషయంలో కొత్త చట్టం బాధితుడికి కల్పించిన అవకాశం ఏమిటి? అది సరిపోతుందా? మీ అభిప్రాయం రాయండి.